పాత ఇంజనుకు డీజిలు అందకపోతే



వరి చిరుపొట్ట మీద ఉన్నది. శివారు కాలువకు నీరు రాలేదు. మోటారు ఉన్నా కరెంటు లేదు. అటువంటప్పుడు రైతుకు గుర్తువచ్చేది కొట్టంలో మూలనున్న పాత ఆయిల్ ఇంజను. ఇంగ్లండులో లిస్టరు కంపెనీవారు 1929లో తెచ్చిన, 5 అశ్వశక్తులతో నిమిషానికి 600 చుట్లు తిరిగే ఇంజనును చూసి రాజకోటలో చేసిన ఇంజన్లు మన పల్లెల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నవి. వాటిని బాగుచేయించి, రంగు వేయించి ఉంచుకోవడం మంచిదే. కాని అవసరానికి అది పలకకపోతే ఏం చేయాలి?

ముందు నా పొరపాటు చెబుతాను. ఒక రైతు ఇంజను పావుగంట నడిచి ఆగిపోయేది. మూత తీసి చూస్తే ట్యాంకులో సగం డీజిలు ఉండేది. మళ్లీ కొడితే మళ్లీ పావుగంట. "పంపు పోయింది, ఊడదీయించండి" అన్నాను నేను. ఆయన రెండు రోజులు పట్నం చుట్టూ తిరిగాడు. ఈలోగా మడి నెర్రెలు విచ్చింది. తీరా చూస్తే పంపు బాగానే ఉన్నది. కొత్తగా వేసిన రంగు ట్యాంకు మూతకున్న గాలి రంధ్రాన్ని పూడ్చివేసింది! డీజిలు దిగినకొద్దీ లోపలికి గాలి రాక ధార నిలిచిపోయేది. మూత తీయగానే మళ్లీ దిగేది. ఒక్క సూదితో తీరిన పని అది.

కావున ముందు చూడండి, తర్వాతే పానా పట్టండి. హ్యాండిల్ కొట్టినప్పుడు పొగ బొత్తిగా రాకపోతే డీజిలు అందడం లేదన్నమాట. తెల్లపొగ వచ్చి కూడా ఇంజను అందుకోకపోతే డీజిలు అందుతున్నది. లోపం కంప్రెషనులోనో, వాల్వులలోనో వెదకవలెను. డీకంప్రెషన్ లీవరు ఎత్తి చక్రం తిప్పితే రెండు చుట్లకొకసారి నాజిలు కిర్రుమనాలి. ఆ చప్పుడు లేదా, ట్యాంకు నుంచి నాజిలు దాకా వరుసగా రండి.

ఒకటి: ట్యాంకు. కుళాయి తెరిచి ఉన్నదా, మూత రంధ్రం తెరిపిగా ఉన్నదా చూడండి. చాలాకాలం ఖాళీగా పడివున్న ట్యాంకులో తుప్పు పొరలు రాలి గొట్టానికి అడ్డుపడతాయి. ఫిల్టరు దగ్గర గొట్టం విప్పితే ధార తెగకుండా పడాలి.

రెండు: ఫిల్టరు. డీజిలు కంటె నీరు బరువు కనుక అడుగున చేరుతుంది. అడుగు మర విప్పి నీరు, మడ్డి పోనివ్వండి.

మూడు: గాలి. ఫిల్టరు మీద గాలి తీసే మరను వదులుచేయండి. బుడగలు పోయి వట్టి డీజిలు వచ్చిన తర్వాత, అది కారుతూ ఉండగానే బిగించండి. పిమ్మట పంపు దగ్గర కూడా అట్లే చేయండి. చివరకు నాజిలు దగ్గరి గొట్టం నట్టు కొద్దిగా వదలి, డీజిలు పైకి ఉబికేదాకా చక్రం తిప్పి బిగించండి.

తీసిన గాలి మర్నాటికి మళ్లీ చేరితే ఎక్కడో వాషరు అరిగిందని గ్రహించాలి. పాతవి పెట్టి గట్టిగా బిగించి లాభం లేదు, కొత్తవి వేయవలసిందే.

రెండు హెచ్చరికలు. నాజిలు చిమ్మే తుంపరకు చేయి అడ్డం పెట్టవద్దు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇక విప్పిన భాగాలను దారపు పోగులు రాలే గుడ్డతో తుడవవద్దు. ఆ పోగే రేపు నాజిలుకు అడ్డం.

ఇవన్నీ చేసినా నాజిలు కిర్రుమనకపోతే అప్పుడు మెకానిక్కును పిలవండి. కాని నీటి అవసరం వచ్చిన రోజుదాకా ఆగకండి. నెలకొకసారి ఇంజనును అరగంట నడిపి చూడండి. పావుగంటకు ఆగే జబ్బు ఆ అరగంటలోనే బయటపడుతుంది. చేను ఎండకముందే మందు దొరుకుతుంది.