లక్కముద్ర వెనక పని

ఫోరెన్సిక్ ల్యాబొరేటరీకి పోలీస్ స్టేషన్ నుంచి వచ్చే ప్రతి పొట్లం మీదా లక్కముద్ర ఉంటుంది. టెక్నీషియన్లు మొదట చూసేది దాన్నే. పొట్లంతో పాటు వచ్చిన కాగితం మీద నమూనా ముద్ర వేరుగా వేసి ఉంటుంది. రెండూ ఒకటేనా, లక్క ఎక్కడైనా పగిలిందా, రాసిన వస్తువులన్నీ లోపల ఉన్నాయా అని సరిచూస్తారు. తేడా ఉంటే ఉన్నది ఉన్నట్టు రాసి పెడతారు. దారిలో పొట్లాన్ని ఎవరైనా విప్పి ఉంటారేమోనన్న అనుమానం మిగిలితే, లోపల ఎంత బలమైన ఆధారం ఉన్నా కోర్టులో అది నిలవడం కష్టం. సినిమాల్లో ఈ గుమాస్తా పని కనిపించదు. ఉద్యోగంలో మాత్రం దీనిదే పెద్ద వాటా.

మన దేశంలో ఈ వృత్తి విషాల పరీక్షతో మొదలైంది. 1849లో మద్రాసులో కెమికల్ ఎగ్జామినర్ ల్యాబొరేటరీ పెట్టారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. వేలిముద్రలను వర్గాలుగా విడదీసే లెక్క కట్టడంలో అక్కడి పోలీసు ఉద్యోగులు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ చాలా శ్రమపడ్డారు. పద్ధతికి మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు నిలిచిపోయింది. 1952లో మొదటి రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబొరేటరీ కూడా కలకత్తాలోనే ఏర్పడింది. ఇప్పటి ల్యాబుల్లో విషాలు, రక్తం, డీఎన్ఏ, తుపాకులు, పేలుడు పదార్థాలు, దస్తావేజులు, కంప్యూటర్లు దేనికదే వేరు విభాగం. ఒక విభాగంలో చేరినవారు చాలాకాలం అందులోనే పనిచేసి చెయ్యి తిరిగినవారవుతారు.

నేరం జరిగిన చోటికి వెళ్లే బృందాన్ని తెలుగు జిల్లాల్లో క్లూస్ టీమ్ అంటారు. వీళ్లు వెళ్లగానే దేన్నీ ముట్టుకోరు. ముందు గది మొత్తాన్ని ఫొటో తీస్తారు, తర్వాత పక్కన కొలబద్ద పెట్టి ఒక్కొక్క వస్తువును తీస్తారు. ఆ తర్వాతే తొడుగులు మార్చుకుంటూ వస్తువులను సేకరిస్తారు. రక్తపు తడి ఆరని చొక్కాను ప్లాస్టిక్ కవర్లో పెట్టకూడదన్నది ఇక్కడి తొలి పాఠాల్లో ఒకటి. వానాకాలంలో ఆరని బట్టలు మూటగట్టి పెడితే ఏమవుతుందో, ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో ప్రతి ఇంట్లోనూ తెలుసు. అదే బూజు, అదే బాక్టీరియా మరకలోని డీఎన్ఏను పాడుచేస్తాయి. అందుకే చొక్కాను నీడలో గాలికి ఆరనిచ్చి కాగితం సంచిలో పెడతారు. ఎండ కూడా డీఎన్ఏకు చేటే. వస్తువుకో సంచి తప్పనిసరి. ముద్దాయి చొక్కా, చనిపోయినామె చీర ఒకే సంచిలో పడితే, మరక నేరం జరిగినప్పుడు అంటిందో, సంచిలో అంటిందో ఎవరూ తేల్చలేరు.

ఇంటివాళ్లు చెడు తలపు లేకుండానే ఆధారాలు చెరిపేయడం ఈ వృత్తిలో తరచూ ఎదురయ్యే ఇబ్బంది. నలుగురూ వచ్చే వేళకు గది కడిగేస్తారు, పడిన వస్తువులు సర్దేస్తారు. లైంగిక దాడి జరిగినప్పుడు స్నానం చేయకముందు, బట్టలు ఉతకకముందు ఆసుపత్రికి వెళ్తే పరీక్షకు దొరికేది ఎక్కువ. ఉతికిన బట్టను సైతం టెక్నీషియన్లు అంత తేలిగ్గా వదిలిపెట్టరు. చొక్కా కుట్ల మధ్య, బొత్తాం కింద, కత్తి పిడి సందులో నీళ్లు సరిగా చేరవు. వెతుకులాట అక్కడి నుంచే మొదలవుతుంది.

మరక దొరికితే అది రక్తమా, మరొకటా అన్నది తొలి ప్రశ్న. తుప్పు, తమలపాకు ఉమ్మి, పారాణి కూడా కంటికి ఎర్రగానే ఉంటాయి. మరకను దూదిపుల్లతో కొద్దిగా అద్ది, రంగు పోగొట్టి సిద్ధం చేసిన ఫినాఫ్తలీన్ చుక్క వేస్తారు. ఆపైన హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తారు. రక్తం ఉంటే కొన్ని సెకన్లలో దూది గులాబీరంగుకు తిరుగుతుంది. ఏసీబీ అధికారులు లంచం నోట్లకు పూసేదీ ఈ ఫినాఫ్తలీనే. అక్కడ సోడా కలిపిన నీళ్లలో వేళ్లు ముంచితే నీళ్లు గులాబీరంగుకు మారతాయి. రక్త పరీక్షలో చిక్కేమిటంటే, బంగాళాదుంప వంటి కూరగాయల రసానికీ, కొన్ని లోహ లవణాలకూ రంగు రావచ్చు. పెరాక్సైడ్ వేయకముందే రంగు వస్తే ఆ పరీక్ష చెల్లదు. నిమిషాల తర్వాత వచ్చే రంగునూ లెక్కలోకి తీసుకోరు, గాలి తగిలినా అది వస్తుంది కనుక. రక్తం లేదని తెలిసిన దూదిపుల్ల మీదా, ఉందని తెలిసిన దాని మీదా అదే మందు వేసి చూసుకున్నాకే అసలు నమూనా మీద చేయి పెడతారు. టెక్నీషియన్ అనుమానం ముందు తన సీసా మీదికే పోవాలి. మంచి పనివాళ్ల లక్షణం అదే. గులాబీరంగు వచ్చినా అది రక్తం కావచ్చని మాత్రమే సూచన. రక్తమేనని తేల్చే పరీక్ష వేరు, మనిషిదా, మేకపోతుదా అని తేల్చేది ఇంకా వేరు. జాతర మర్నాడు దొరికిన కత్తి విషయంలో ఆ మూడో ప్రశ్నే కేసును నిలబెడుతుంది, లేదా పడగొడుతుంది.

విషాల విభాగంలో పని మరీ ఓర్పుతో కూడినది. పోస్టుమార్టం చేసిన డాక్టర్లు పొట్ట, అందులోని పదార్థం, చిన్నపేగులో కొంత, కాలేయం, మూత్రపిండాల భాగాలు సీసాల్లో పెట్టి పంపుతారు. పోలీసు భాషలో ఇది విస్రా. సాధారణంగా ఇది పాడవకుండా ఉప్పునీరు పోస్తారు, ఇంకో చిటికెడు ఉప్పు వేసినా కరగనంత చిక్కటిది. పోసిన ఉప్పునీటిని మరో సీసాలో విడిగా కూడా పంపాలి. విషం అవయవంలోదా, ఉప్పునీటిలోదా అన్న ప్రశ్నకు జవాబు ఆ రెండో సీసాలో ఉంటుంది.

వ్యవసాయ జిల్లాల నుంచి వచ్చే సీసాల్లో టెక్నీషియన్లు ప్రధానంగా వెతికేది పురుగుమందులను. అవయవాన్ని మెత్తగా నూరి, ద్రావకంతో విషాన్ని బయటికి లాగి, ఆ సారాన్ని సిలికా పూత ఉన్న పలక అడుగున చుక్కగా పెడతారు. పలకను ద్రావకంలో నిలబెడితే, దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు ద్రావకం పైకి పాకుతుంది. ఒక్కో పదార్థం ఒక్కో ఎత్తుకు చేరి ఆగుతుంది. పక్కనే తెలిసిన పురుగుమందు చుక్క కూడా పెట్టి ఎత్తులు పోలుస్తారు. పోలిక కుదిరినా తృప్తిపడకుండా, అణువుల బరువు తేల్చే యంత్రంలో మరోసారి చూస్తారు. ప్రాణంతో ఉన్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు తాగిన మందు డబ్బా వెంట తీసుకెళ్తే ఈ గుర్తింపంతా ఒక్క నిమిషంలో అయిపోతుంది. చికిత్స కూడా ఆ పేరును బట్టే.

తెలంగాణలో కల్తీ కల్లు నమూనాలది మరో వరస. మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలుపుతారు. పిరిడిన్, సోడియం హైడ్రాక్సైడ్ కలిపి వేడిచేస్తే, క్లోరల్ హైడ్రేట్ ఉన్న నమూనాలో పైపొర ఎర్రబారుతుంది. దీన్ని ఫుజివారా పరీక్ష అంటారు. క్లోరోఫాం ఉన్నా పొర ఎర్రబారుతుంది. ఇక్కడా రంగు సగం మాటే చెబుతుంది.

డీఎన్ఏ పరీక్షకు మన దేశంలో పునాది పడింది హైదరాబాద్‌లోనే. అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ బృందం పాము డీఎన్ఏ ముక్కను ఆధారం చేసుకుని మనిషిని గుర్తించే పద్ధతిని 1988 నాటికి తయారుచేసింది. ఆ పాము పట్టీల కట్లపాము. కేరళలోని తలస్సేరిలో బిడ్డకు తండ్రెవరన్న వివాదం ఈ పద్ధతితో తేలింది. తర్వాత రాజీవ్ గాంధీ హత్య కేసులోనూ వాడారు. అప్పట్లో ఎక్కువ రక్తం కావాల్సి వచ్చేది. ఇప్పుడు కంటికి కనిపించనంత కణజాలం చాలు.

ఆ సౌకర్యం వెంటే ప్రమాదం కూడా వచ్చింది. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో దాదాపు 40 నేరస్థలాల్లో ఒకే ఆడమనిషి డీఎన్ఏ దొరికితే, పోలీసులు ఏళ్ల తరబడి ఆమె కోసం గాలించారు. చివరికి 2009లో గుట్టు బయటపడింది. ఆ డీఎన్ఏ, నమూనాలు తీసే దూదిపుల్లలను కర్మాగారంలో ప్యాక్ చేసిన ఉద్యోగినిది. పుల్లల మీద సూక్ష్మక్రిములు లేవు, డీఎన్ఏ ఉంది. అందుకే ఖాళీ దూదిపుల్లనూ నమూనాతో పాటు చివరిదాకా నడిపించి చూస్తారు. ల్యాబులో పనిచేసేవారి డీఎన్ఏ వివరాలు కూడా దాచి ఉంచడం మంచి పద్ధతి. ఫలితంలో తేలింది టెక్నీషియన్ సొంత తుంపరేమోనని పోల్చుకోవాలి కదా.

ఉద్యోగంలో చేరడానికి రసాయన, జీవ, భౌతిక శాస్త్రాల్లోనో, ఫోరెన్సిక్ సైన్స్‌లోనో చదువు అవసరం. పోస్టును బట్టి అర్హత మారుతుంది. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఇందుకోసమే ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లాలి, సేకరణను వీడియో తీయాలి. ఏర్పాట్లకు రాష్ట్రాలకు ఐదేళ్ల దాకా గడువు ఉంది. మనుషులు సరిపడా లేకపోతే ఈ నిబంధన వల్ల ల్యాబుల్లో పొట్లాల గుట్టలు పెరగడమే మిగులుతుంది.

నివేదిక మీద సంతకం అధికారిది. పరీక్ష చేసిన చేతుల పేరు చాలాసార్లు బయటికి రాదు. కానీ డిఫెన్సు లాయరు అడిగితే ముందుకు వచ్చేది టెక్నీషియన్ రాసుకున్న వర్క్‌షీటే: ఏ తేదీన, ఏ సీసాలోంచి, ఎన్ని చుక్కలు, రంగు ఎంతసేపటికి వచ్చింది. నివేదిక భాష కూడా అంతే పొదుపుగా ఉంటుంది. "మరక మీద మనిషి రక్తం ఉంది" అని రాస్తారు. ఎవరు పొడిచారో రాయరు. "విషం కనుగొనబడలేదు" అంటే మనిషి విషం తీసుకోలేదని అర్థం కాదు. వెతికిన విషాలు ఆ నమూనాలో ఆ పరీక్షలకు దొరకలేదని మాత్రమే.

పని ముగిశాక మిగిలిన చొక్కా ముక్కను, కత్తిని, దూదిపుల్లను మళ్లీ పొట్లం కడతారు. కేసు నంబరు, తేదీ, సంతకం వేసి ల్యాబ్ సొంత సీలుతో కొత్త లక్కముద్ర వేస్తారు. వచ్చినప్పుడు ఉన్న పాత ముద్ర ముక్కలు కూడా ఆ పొట్లంలోనే వెనక్కి వెళ్తాయి.