ఎర్రకణం అంచున ఒక చుక్క



మెదక్ జిల్లా శంకరంపేట లాంటి చోట ఉద్యోగంలో చేరే కొత్త డాక్టరు ముందుకు వానాకాలంలో ఎలాంటి ఆవు వస్తుందో ఇప్పుడే చెప్పొచ్చు. జెర్సీ సంకరం. జ్వరం. మేత ముట్టదు, నెమరు వెయ్యదు, పాలు సగానికి పడిపోయాయి. కంటిరెప్ప తిప్పి చూస్తే లోపల పాలిపోయి, కాస్త పచ్చబడి ఉంటుంది. పేడ గట్టిపడింది. చెవుల లోపల, పొదుగు సందుల్లో, తోక కింద పిడుదులు. “గోమార్లే గద సారూ, ఎప్పుడూ ఉండేటివే” అంటాడు రైతు. నిజమే, ఎప్పుడూ ఉండేవే. వాటిని ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం కూడా అదే.

డాక్టరు అడగవలసిన మొదటి ప్రశ్న మూత్రం రంగు గురించి. ఎర్రగా, కాఫీ డికాక్షన్‌లా ఉంటే అనుమానం బేబీసియా మీదికి పోవాలి. మూత్రం ఎర్రబడకుండానే రక్తం తగ్గిపోతుంటే అనాప్లాస్మా. భుజం ముందు గ్రంథులు ఉబ్బి చేతికి తగులుతుంటే థైలీరియా. మూడూ పిడుదులు తెచ్చేవే గానీ మందులు వేరు: డిమినజీన్, ఆక్సిటెట్రాసైక్లిన్, బుపార్వాక్వోన్. రెండు మూడు కలిసి వచ్చే ఆవులూ ఉంటాయి. కాబట్టి చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం తీసి, గాజుపలక మీద పల్చగా పరిచి, జీమ్సా రంగు వేసి చూడక తప్పదు.

అలా చూసినవాళ్ళలో ముఖ్యుడు ఆర్నాల్డ్ థైలర్. దక్షిణాఫ్రికాలో 1910లో ఆయన ఎర్రకణాల అంచుల్లో ముదురు చుక్కల్ని గుర్తించి, ఆ క్రిమికి అనాప్లాస్మా మార్జినేల్ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు కణం మధ్యలో చుక్క ఉండే, అంత ప్రమాదం చెయ్యని చుట్టాన్నీ పట్టుకున్నాడు. అది సెంట్రేల్. ఆ మెతక క్రిమినే బతికున్న టీకాగా ఇజ్రాయెల్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ఇంకా వాడుతున్నాయి. అయితే ఆ టీకాను ప్లీహం తీసేసిన దూడల రక్తంలో తయారు చెయ్యాలి. ఆ రక్తంలో ఇంకే రోగం దాగి ఉన్నా టీకాతోపాటు అదీ మందలోకి పోతుంది. నూరేళ్ళ నాటి ఉపాయం ఇంకా నడుస్తోందంటే అది థైలర్‌కు గొప్పే, తర్వాతి తరాలకు మాత్రం కాదు.

ఎందుకింత ఆలస్యం? అనాప్లాస్మా అనే ఈ బ్యాక్టీరియా అగార్ ప్లేటు మీద మొలవదు. బతికున్న కణం లోపలే బతుకుతుంది. పశువు ఎర్రకణంలో కేంద్రకం లేదు, ఆ కణం విభజన చెందదు, సీసాలో ఎక్కువ కాలం నిలవదు. పరిశోధకులకు దారి చూపింది పిడుదే. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉల్రికె ముండర్‌లో, తిమోతి కుర్తి పిడుదు గుడ్లలోని పిండాల నుంచి కణాలు తీసి వాటిని ఏళ్ళ తరబడి సాకారు. ఆ కణాల్లో అనాప్లాస్మా మార్జినేల్‌ను పెంచగలిగినట్టు 1996లో ప్రకటించారు. ముప్పై నాలుగు డిగ్రీల వేడిలో, మూత బిగించిన సీసాలో, తొందరే లేకుండా పెరిగే కణాలవి. దూడ ప్లీహం కొయ్యకుండా ఈ క్రిమిని పెంచగలిగే రోజు అప్పటికి వచ్చింది.

జన్యువుల సంగతి 2005లో తేలింది. అమెరికాలో ఐడహో రాష్ట్రపు సెయింట్ మేరీస్ అనే ఊరి పేరున్న రకం జన్యుక్రమాన్ని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ బృందం పూర్తిగా చదివింది. సుమారు 12 లక్షల అక్షరాలు. మన పేగుల్లో ఉండే ఈ-కోలైలో నాలుగో వంతు. అంత చిన్న జన్యుసంపదలో కూడా పనికిరానట్టు కనిపించే ముక్కలు కొన్ని దొరికాయి. అక్కడే అసలు కిటుకుంది. క్రిమి పైపొర మీది ఎంఎస్‌పీ-2 అనే ప్రోటీన్‌ను ఆవు రోగనిరోధక శక్తి గుర్తుపట్టేసరికి, పగటివేషగాడు పెట్టెలోంచి మరో వేషం తీసినట్టు, క్రిమి ఆ ముక్కల్లో ఒకదాన్ని పాత జన్యువు చోట అతికించి కొత్త రూపంలో బయటికొస్తుంది. కొన్ని వారాలకోసారి ఇదే ఆట. కోలుకున్న ఆవు ఏళ్ళ తరబడి రోగవాహకంగా ఉండిపోవడానికి కారణం ఇదే.

ఇక జన్యువుల్ని మార్చడం. ఒక జన్యువును చెడగొట్టి చూస్తే గానీ దాని పనేమిటో తెలియదు. అందుకు వాడిన పనిముట్టు హిమార్-1 అనే దూకే జన్యువు. అది మొదట దొరికింది పశువుల వీపు మీద గుంపులుగా వాలి రక్తం తాగే ఒక చిన్న ఈగలో! పశువును పీడించే ఒక జీవి సరుకుతో మరో పీడను విప్పిచూడటం బాగానే ఉంది. 2010లో అనాప్లాస్మాను ఆకుపచ్చగా మెరిసేలా చేశారు. 2022లో రోమన్ గంటా అనే పరిశోధకుడి బృందం ఇంకో అడుగు వేసింది. ఎంచుకున్న ఒక్క జన్యువును మాత్రమే పనిచెయ్యకుండా చేసి, ఆ బలహీన క్రిమిని ఆవులకు టీకాగా ఇచ్చింది. తర్వాత అసలు రోగాన్ని ఎక్కించినా ఆ ఆవులు తట్టుకున్నాయి. చంపిన క్రిములతో చేసిన టీకా అలా కాపాడలేకపోయింది.

ఇదంతా దూరదేశపు ముచ్చట అనుకోనక్కర్లేదు. థైలీరియా బ్యాక్టీరియా కాదు, ఏకకణ పరాన్నజీవి. అయినా కణాల్లో పెంచే విద్య దానికీ కావాలి. దాన్ని పశువు తెల్లకణాల్లో పదే పదే పెంచి, తీవ్రత పోగొట్టి చేసిన రక్షావాక్-టి టీకా తయారయ్యేది హైదరాబాద్‌లోనే, ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌లో. ఆవులకు ఎక్కించే వీర్యం స్ట్రాల మాదిరే దీన్నీ ద్రవ నత్రజనిలో నిలవ చెయ్యాలి. ఇంకా వెనక్కి పోతే, సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1893లో, టెక్సస్ జ్వరం, అంటే బేబీసియా రోగం, పిడుదుల వల్ల వస్తుందని థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ నిరూపించారు. కిల్‌బోర్న్ పశువైద్యుడు. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో ఇంకాస్త పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది.

పిడుదు లేకపోయినా అనాప్లాస్మా పాకుతుంది. గొంతువాపు టీకాల రోజున ఊరి పశువులన్నిటికీ ఒకే సూది వాడితే, రోగవాహక ఆవు రక్తం పక్క ఆవులోకి పోతుంది. కొమ్ములు కోసే పనిముట్లు, చెవికి ట్యాగు వేసే పరికరం కూడా అదే పని చేస్తాయి. అంటే డాక్టరే పిడుదు అవుతాడన్నమాట!

రోగవాహక ఆవు రక్తంలో క్రిములు ఎంత తక్కువంటే మైక్రోస్కోపుకు కనిపించవు. అలాంటిదాన్ని పట్టుకోవాలంటే ఈడీటీఏ గొట్టంలో రక్తం తీసి, చల్లగా ఉంచి, పీసీఆర్ చేసే ప్రయోగశాలకు పంపాలి. ఎంఎస్‌పీ-1ఏ జన్యువులో వరసగా తిరిగి తిరిగి వచ్చే ముక్కలు చోటును బట్టి మారుతుంటాయి. క్రిమి ఏ రకమో చెప్పేది అవే. అమెరికా రకం మీద పనిచేసిన గంటా బృందపు టీకా మెదక్ మందల్లో తిరిగే రకాల మీద పనిచేస్తుందా అన్నది తేలాలంటే ముందు ఇక్కడి నమూనాలు కావాలి. గొట్టం మీద ఆవు చెవి ట్యాగులోని పన్నెండంకెల సంఖ్య, ఊరి పేరు, రక్తం తీసిన తేదీ ఉండాలి. పెన్సిలుతో రాస్తే మంచిది, మంచుపెట్టెలో పెన్ను సిరా కరిగిపోతుంది.