పెద్దలంటే ఎవరు?

పుస్తకాల్లో ‘పూర్వీకులు’ అంటారు. ఇంట్లో మనం ‘పెద్దలు’ అంటాం. ‘పెద్దల్ని అడిగి చెబుతాం’ అంటే బతికున్నవారు. సంక్రాంతికి మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ‘పెద్దలకు బట్టలు పెట్టాం’ అంటే కాలం చేసినవారు. ఒక్కమాటే ఇద్దరికీ సరిపోయింది, చూశారా!

రక్తసంబంధం లేకపోయినా దారి చూపినవారిని ‘వైతాళికులు’ అంటాం. అసలర్థం, మేలుకొలుపు పాడి రాజును నిద్రలేపేవారని. మన గురజాడ (1862–1915), గిడుగు (1863–1940) అటువంటివారే. ఇళ్లల్లో మాట్లాడుకునే తెలుగుకు పుస్తకాల్లో చోటుండాలన్నారు.

మరి ఆ తెలుగును తల్లి నుంచి బిడ్డకు అందించినదెవరు? మన తాతమ్మలే కదా! ముత్తాత పేరు ఇంటిపేరుతో సహా చెబుతాం. తాతమ్మ పేరు ఎందరికి తెలుసు? ఈసారి పెద్దలకు చీర పెట్టేటప్పుడు ఆమె పేరు పైకి చెప్పండమ్మా. పిల్లలు వింటారు.