రాష్ట్రం కోసం కొట్లాడినం, అడ్డుగోడ కోసం కాదు

(కోదాడలో ఉద్యోగులు, విద్యార్థులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ కోదాడలో జరగడం మంచిదైంది. ఇక్కడ బండి ఎక్కితే కొద్దిసేపట్లో రామాపురం క్రాస్‌రోడ్డు, అది దాటితే ఆంధ్రప్రదేశ్. సరిహద్దు గురించి హైదరాబాద్‌ల ఏసీ గదుల్లో కూర్చున్నోళ్లు చాలా మాట్లాడిన్రు. దినాం సరిహద్దు దాటేటోళ్ల మధ్య నిలబడి మాట్లాడేది తక్కువ. ఆ పని ఇయ్యాల చేద్దాం.

ఈ దారిలోనే మునగాల ఉన్నది. ఇప్పటి పిల్లలకు అది సూర్యాపేట జిల్లాలో ఒక మండలం. ముసలోళ్లనడగండి, మునగాల పరగణా కథ చెప్తరు. చుట్టూ నిజాం ఇలాకా, నడుమ కృష్ణా జిల్లాకు చెందిన ఇంగ్లీషోళ్ల ఏలుబడి ముక్క. నిజాం సర్కారుకు కరోడ్‌గిరి అని సుంకం మహకమా ఉండేది. సరుకు హద్దు దాటితే నాకా కాడ బండి ఆపాలె, మూటలు విప్పాలె, సుంకం కట్టాలె. ఒకే భాష, ఒకే చుట్టరికం, ఒకే సంత. నడుమ నాకా. 1959లో గానీ మునగాల నల్లగొండ జిల్లాలో కలవలేదు. సరిహద్దంటే ఏందో ఈ ప్రాంతానికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

మేము ఉద్యమంలో ఏం అడిగినం? నీళ్లు, నిధులు, నియామకాలు అడిగినం. మా పాలన మాకు కావాలన్నం. విడిపోయి కలిసుందామన్నం. కరోడ్‌గిరి నాకా మళ్లీ పెట్టమని మాలో ఎవరూ అడగలేదు.

ఒక సంగతి గుర్తు చేసుకుందాం. 2011 సకల జనుల సమ్మెలో మేము రోడ్ల మీద కూర్చున్నం. బస్సులు ఆగినయ్, లారీలు బారులు కట్టినయ్. కానీ సైరన్ వినబడితే చాలు, ఎవరూ చెప్పకముందే లేచి దారి ఇచ్చినం. అంబులెన్సుల ఉన్నది ఏ ప్రాంతపు మనిషని అడగలేదు. ఆ దారి వదిలినందుకు మా ఉద్యమం బలహీనపడలేదు, దాని మర్యాద పెరిగింది.

మరి 2021 మే నెలలో ఏం జరిగింది? కరోనా రెండో అల, ఆక్సిజన్ కరువు. ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్ ఆస్పత్రులకు వస్తున్న అంబులెన్సులను మన రాష్ట్ర పోలీసులు సరిహద్దుల్లో ఆపిన్రు. ఇక్కడి రామాపురం కాడ ఆపిన్రు, కర్నూలు దిక్కు పుల్లూరు టోల్‌ప్లాజా కాడ ఆపిన్రు. ఆస్పత్రిలో బెడ్ ఖాయమైనట్టు ముందే అనుమతి ఉండాలని మే 11న ఉత్తర్వు తెచ్చిన్రు. మే 14న హైకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. అప్పటికి హైదరాబాద్ చట్టప్రకారం రెండు రాష్ట్రాల ఉమ్మడి రాజధాని. 2024 జూన్ 2 దాకా ఆ హోదా ఉన్నది. ఉమ్మడి రాజధానికి వస్తున్న రోగిని రోడ్డు మీద ఆపినం.

బెడ్లు తక్కువున్నయ్, మనోళ్లకే దొరుకుతలేవు అన్నరు. ఆ బాధ నిజమే. మా ఇండ్లల్లోనూ బెడ్ల కోసం ఫోన్లు పట్టుకొని తిరిగినం. కానీ బెడ్ ఎవరికియ్యాలో నిర్ణయించాల్సింది డాక్టరు, టోల్‌గేటు కాడ ఉన్న కానిస్టేబుల్ కాదు. ఆ దినాల్లో మాలో చాలామందిమి నోరు మెదపలేదు. రాష్ట్రం మనది, సర్కారు మనది, ఎట్ల తప్పు పడుదుమని ఊకున్నం. ఇయ్యాల ఈ వేదిక మీద ఆ మాట ఒప్పుకుంటున్నం. ఆనాడు ఊకోవడం తప్పు.

ఇక బస్సు సంగతి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో రెండు రాష్ట్రాల నడుమ ఆర్టీసీ బస్సులు ఆగినయ్. మే నెలలో రాష్ట్రాల లోపల బస్సులు మొదలైనయ్ గానీ హద్దు దాటే బస్సు మాత్రం నవంబర్ దాకా కదలలేదు. దసరా పండుగకు జనం హద్దు కాడ దిగి, సంచులు మోసుకుంట అవతలికి పోయి ఇంకో బస్సు ఎక్కిన్రు. వైరస్ పేరు చెప్పిన్రు గానీ అసలు పంచాయతీ కిలోమీటర్లది.

ఆ పంచాయతీలో మన వాదన న్యాయమైంది. అప్పటిదాకా ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ మన రాష్ట్రంలో దినానికి 2,65,367 కిలోమీటర్లు తిప్పేది. మనది అక్కడ 1,52,344 కిలోమీటర్లే. సమానం కావాలని మన ఆర్టీసీ అడిగింది, అడగాల్సిందే. 2020 నవంబర్ 2న ఒప్పందమైంది. వాళ్లు 1,60,999 కిలోమీటర్లు, మనం 1,61,258 కిలోమీటర్లు. లెక్క సమానమైంది.

కానీ ప్రయాణికుని దిక్కు నుంచి ఈ లెక్క మళ్లీ వేయండి. వాళ్లకు లక్షా నాలుగు వేల కిలోమీటర్లు తగ్గినయ్. మనకు పెరిగినయి తొమ్మిది వేలు కూడా లేవు. రెండూ కలిపితే దినానికి 95 వేల కిలోమీటర్ల ఆర్టీసీ బస్సు రోడ్డు మీద లేకుండ పోయింది. సమానత్వం రెండు తీర్ల తేవచ్చు. మన బస్సులు పెంచి తేవచ్చు, వాళ్ల బస్సులు తగ్గించి తేవచ్చు. ఎక్కువ భాగం తగ్గించే తెచ్చిన్రు. ఆ జాగ ఎవరికి దొరికింది? పండుగ వస్తే టికెట్ ధర ఇష్టమొచ్చినట్టు పెంచే ప్రైవేటు ట్రావెల్స్‌కు దొరికింది. ఆర్టీసీ కార్మికులు ఇక్కడున్నరు, నష్టం ఎవరికో వాళ్లకు ఎరుకే.

సరుకు రవాణాదీ ఇదే కథ. 2015 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ రవాణా వాహనాలు మన రాష్ట్రంలోకి వస్తే పన్ను కట్టాలని జీవో వచ్చింది. రాష్ట్రానికి పన్ను వేసే హక్కున్నది, కాదనలేం. కానీ ఒక రాష్ట్రం పర్మిటుకు ఇంకో రాష్ట్రం ఒప్పుకొని సంతకం పెట్టే కౌంటర్ సిగ్నేచర్ పద్ధతి మోటారు వాహనాల చట్టంలోనే ఉన్నది. రాష్ట్రాలు కూర్చొని రాసుకుంటే ఏడాదికి ఒక్కసారి రుసుము కట్టి బండి రెండు దిక్కులా తిరగొచ్చు. లారీ యజమానులు రెండు దిక్కుల నుంచీ ఏండ్ల తరబడి ఇదే అడిగిన్రు. పెద్ద కంపెనీ నేషనల్ పర్మిటు తీసుకుంటది. దెబ్బ తగిలేది ఒక్క బండి ఉన్నోనికి.

కొన్ని అడ్డంకులు పోయినయ్, అదీ చెప్పాలె. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినంక అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు పోయినయ్. 2025 అక్టోబర్‌లో తెలంగాణ రవాణా శాఖ తన సరిహద్దు చెక్‌పోస్టులు ఎత్తేసింది. చెక్‌పోస్టు పోతే లంచం తగ్గింది, లారీ నిలబడే టైమ్ తగ్గింది. రాష్ట్రం మునిగిపోలేదు.

వడ్ల సంగతి కొంచెం తిరకాసు. 2024 వానాకాలం నుంచి మన ప్రభుత్వం సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నది. పక్క రాష్ట్రం వడ్లు మన కొనుగోలు కేంద్రానికి వచ్చి బోనస్ కొట్టేయొద్దు. ఇందులో రెండో మాట లేదు. కానీ మిర్యాలగూడ మిల్లులకు కృష్ణ అవతలి రైతు వడ్లు వచ్చుడు కొత్త కాదు. ఆ వడ్లు మిల్లు ఆడిస్తయ్, హమాలీకి కూలి ఇస్తయ్. బోనస్ దొంగను పట్టాల్నంటే కొనుగోలు కేంద్రంలో పట్టాదారు పాస్‌బుక్కు, పంట నమోదు చూసి పట్టొచ్చు. మిల్లుకు నేరుగా పోయే ట్రాక్టరును వాడపల్లి వంతెన కాడ ఎందుకాపాలె?

భద్రాచలం చూడండి. 2014లో పోలవరం పేరు మీద ఏడు మండలాలు అటు పోయినయ్. గుడి మనకుండె, రాముని భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రకు పోయె. భద్రాచలం నుంచి చర్లకు పోయే మనిషి నడుమ ఎటపాకలో ఆంధ్రప్రదేశ్ దాటి మళ్లీ తెలంగాణలోకి రావాలె. ఆ ఐదు పంచాయతీలు మనకు తిరిగి రావాలనే డిమాండ్ న్యాయమైంది, కొట్లాడుదాం. అది తేలేదాకా అక్కడి మనిషి ఎట్ల బతకాలె?

నీళ్ల వాటా, ఉద్యోగుల పంపకం, ఉమ్మడి సంస్థల ఆస్తుల మీద పట్టు వదలొద్దు. కానీ ఆ తగాదాలకు బస్సును, రోగిని, వడ్ల బస్తాను జామీను పెట్టొద్దు. దేశమంతటా వ్యాపారం, రాకపోకలు స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణం చెప్తున్నది.

అందుకే రెండు ప్రభుత్వాలనూ అడుగుతున్నం. ఏ ఆపద వచ్చినా హద్దు కాడ అంబులెన్సు ఆపబోమని రాతపూర్వకంగా ఒప్పుకోండి. బస్సుల ఒప్పందాన్ని సమానత్వం చెడకుండ రెండు దిక్కులా పెంచండి. లారీకి, ఆటోకు, ట్యాక్సీకి ఏడాదికి ఒకే రుసుముతో పర్మిటు ఇయ్యండి. సరిహద్దు జిల్లాల కలెక్టర్లు మూణ్నెల్లకొకసారి కూర్చొని జనం ఫిర్యాదులు వినాలె.

ఇందులో ఏ ఒక్కటీ తెలంగాణ సొమ్ము ఎవరికో పంచిపెట్టేది కాదు. మన కోదాడ దుకాణానికి, మన మిర్యాలగూడ మిల్లుకు, మన డ్రైవరుకు ఇది అన్నం పెట్టే పని. రోడ్డు మీద కూర్చున్ననాడు మేము అంబులెన్సుకు దారి ఇచ్చినం. కుర్చీల కూర్చున్నోళ్లు ఆ పాటి పని చేయలేరా?

జై తెలంగాణ!