బరువు తగ్గితే బండికి ఏమవుతుంది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పటాన్‌చెరు, పాశమైలారం షెడ్లలో మనవాళ్లు ఎందరో బండ్ల విడిభాగాలు చేస్తున్నారు. అందుకే ఈ రోజు బండి బరువు గురించి నాలుగు మాటలు చెప్తాను. ఇందులో కొత్త సైన్స్ ఏమీ లేదు. మన సార్లు నల్లబల్ల మీద రాసిన న్యూటన్ రెండో నియమమే.

డ్రైవర్‌తో కలిపి వెయ్యి కిలోల కారు అనుకోండి. మనుషులు, సామాను కలిసి ఇంకో 300 కిలోలు ఎక్కాయి. ఇంజిన్ లాగే బలం మాత్రం పెరగదు. కాబట్టి బండి వేగం అందుకోవడం దాదాపు నాలుగో వంతు మందగిస్తుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో మొదటి బండి గతిశక్తి 2 లక్షల జౌళ్లు, రెండోదానిది 2 లక్షల 60 వేలు. గట్టిగా బ్రేకు వేస్తే ఆ అదనపు 60 వేలు కూడా బ్రేకుల్లోనే వేడిగా మారాలి.

బరువు 10 శాతం తగ్గితే మైలేజీ 6 నుంచి 8 శాతం పెరగవచ్చని అమెరికా ఇంధన శాఖ లెక్క. అయితే ఔటర్ రింగ్ రోడ్డు మీద నిలకడగా పోయే కారుకు గాలి అడ్డే ఎక్కువ, గాలికి బండి బరువుతో పని లేదు. లింగంపల్లి నుంచి పటాన్‌చెరు దాకా ఆగుతూ కదులుతూ వచ్చే కారుకే తేలికదనం బాగా కలిసొస్తుంది.

అట్లని ప్రతి బండీ తేలికగా ఉండాలని కాదు. జహీరాబాద్‌లో తయారయ్యే మహీంద్రా ట్రాక్టరునే చూడండి. వెనుక చక్రాలు నేలను గట్టిగా అదమకపోతే నాగలి కదలదు, చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. అందుకే రైతులు చక్రాలకు ఇనుప దిమ్మెలు బిగిస్తారు, టైర్లలో నీళ్లు నింపుతారు. మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారైన 'సారథ్' యుద్ధవాహనం దాదాపు 14 టన్నులు. దానికి కవచమూ కావాలి, నీటిలో తేలడమూ కావాలి. బరువు ఏ పనికోసం, ఎక్కడ ఉండాలన్నదే అసలు లెక్క.

షెడ్లు నడిపే మిత్రులకు ఒక్క మాట. డ్రాయింగ్‌లో 1.2 మిల్లీమీటర్ల రేకు ఉంటే 1.0 వేసి, తేలిక చేశామని చెప్పుకునేవాళ్లు ఉన్నారు. బరువు తగ్గేది 17 శాతం. కానీ వంగకుండా నిలిచే గట్టిదనం మందం ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 42 శాతం పడిపోతుంది. పల్చటి రేకే వాడాలంటే ఎక్కువ బలమున్న ఉక్కు తీసుకోవాలి, మడతలు పెట్టి ఆకారం మార్చాలి, పరీక్షించి చూపాలి. అది ఇంజినీరింగ్. చెప్పకుండా గేజీ తగ్గించడం మోసం. ఆ బండిలో రేపు మన బడి పిల్లలే కూర్చుంటారు.

కారు కొన్నవాళ్లకు కూడా చెప్తున్నా. ముందు బుల్ బార్ బిగిస్తే బరువు పెరుగుతుంది, గుద్దుకున్నప్పుడు ముందుభాగం నలిగి దెబ్బను మింగే వీలు పోతుంది. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిని వద్దన్నది. ఇంటికి పోయాక ఒకసారి మీ బండి ముందుకు పోయి చూసుకోండి.