మూలన కూర్చున్న ఆటగాడు



డగ్ నికోల్స్ 1906లో ఆస్ట్రేలియాలోని ఒక ఆదివాసీ స్థావరంలో, యోర్టా యోర్టా తెగలో పుట్టారు. ఆయన చిన్నప్పుడే అధికారులు అక్కను బలవంతంగా తీసుకుపోయారు. వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు. డగ్ ఎత్తు ఐదడుగుల రెండంగుళాలే గానీ పరుగు మెరుపు. అయినా కార్ల్‌టన్ క్లబ్‌లో నల్లవాడని ఒంటికి మాలిష్ చేయమన్నారు. ఆయన ఆట మానలేదు, నార్త్‌కోట్ జట్టుకు వెళ్లారు.

1932లో ఫిట్జ్‌రాయ్‌లో చేరాక, ఒంటరిగా కూర్చున్న ఆయన పక్కకు పేరున్న ఆటగాడు హేడన్ బంటన్ వచ్చి కూర్చున్నారు. 1935లో డగ్ విక్టోరియా రాష్ట్రానికి ఆడారు. తర్వాత పాస్టరై, తన జనం హక్కుల కోసం నిలబడ్డారు. 1976లో సౌత్ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యారు. ఆ పదవి పొందిన తొలి ఆదివాసీ ఆయనే.

మన హాస్టళ్లలోనూ కొత్తగా వచ్చి మూలన కూర్చునే పిల్లలుంటారు. డగ్‌లా పట్టు వదలకండి. బంటన్‌లా వెళ్లి పక్కన కూర్చోండి.