గూడబాతు బాతు కాదు

చలికాలము వచ్చినదనగా నెల్లూరు సీమలో, దొరవారిసత్రము సమీపమున గల నేలపట్టు చెరువునకు గూడబాతులు దిగును. నీటిలో నిలిచిన చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను సాకును. గూడ అనగా చేనికి నీరు తోడు బుట్ట. ఆ పక్షి ముక్కు క్రింది సంచియు అటువంటిదే. పేరు చక్కగా అమరినది. అయినను గూడబాతు బాతు కాదని మేము మనవి చేయుచున్నాము.

కాలు చూచిన ఈ సంగతి తెలియును. బాతునకు ముందరి మూడు వ్రేళ్ళ నడుమనే తోలు ఉండును. గూడబాతునకు వెనుక వ్రేలితో సహా నాలుగు వ్రేళ్ళును ఒకే తోలుతో కలిసియుండును. ఇట్టి గురుతులను బట్టియే శాస్త్రజ్ఞులు పక్షులను జాతులుగా, ప్రజాతులుగా, కుటుంబములుగా, క్రమములుగా కూర్చిరి. జంతువులకు రెండు మాటల పేరు పెట్టు పద్ధతిని స్వీడన్ దేశీయుడగు లినేయస్ 1758లో స్థిరపరచెను. మన తెలుగువారికి వలెనే అందును ఇంటిపేరు ముందు వచ్చును. గూడబాతు శాస్త్రనామము పెలికానస్ ఫిలిప్పెన్సిస్. ఇందు పెలికానస్ అనునది ఇంటిపేరు.

అయితే గురుతులును ఒక్కొక్కప్పుడు దారి తప్పించును. నాలుగు వ్రేళ్ళను కలుపు తోలు నీరుకాకికిని కలదు. అందుచేత ఆ రెంటిని చిరకాలము ఒకే క్రమమున ఉంచిరి. తరువాత జన్యుపదార్థమును పోల్చి చూడగా, గూడబాతునకు నీరుకాకి కంటె కొంగయే దగ్గరి చుట్టమని తేలినది. దానిని గూడకొంగ యని పిలుచువారి మాటయే నెగ్గినదన్నమాట!

కలివికోడి కథయు ఇట్టిదే. నెల్లూరున వైద్యుడుగా పనిచేసిన థామస్ జెర్డన్ తూర్పు కనుమలలో సేకరించిన ఈ పక్షికి 1848లో బ్లైత్ శాస్త్రనామము పెట్టెను. పేరున కోడియే గాని, అది తీతువుపిట్ట క్రమమునకు చెందినది. 1900 తరువాత కానరాక, అంతరించినదని అందరును తలచిన ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మరల దొరకినది. దాని చుట్టములెవరో శాస్త్రము చెప్పును. అది కలివి పొదల నడుమ తిరుగునని తెలుగు పేరు చెప్పును. వెదకువారికి ఈ రెండును కావలెను.

ఇక ఫిలిప్పెన్సిస్ అనగా ఫిలిప్పీన్ దీవులకు చెందినదని అర్థము. ఆ దీవులలో ఈ పక్షి ఇరువదవ శతాబ్దిలోనే కనుమరుగైనది. పేరు మాత్రము మిగిలినది. నేలపట్టు 1976 నుండి పక్షిరక్షణ కేంద్రముగా నున్నది. అయినను చెరువున నీరును, గట్టున చెట్లును, దాపున చేపలును ఉన్నంతవరకే గూడబాతులు వచ్చును. అక్కడికి పోవు శ్రోతలు దూరమునుండియే వానిని చూచి, పిల్లలకు వాని పేరును, చుట్టరికమును చెప్పుదురుగాక.